నీళ్ళ వరకే

బెథనీ చాలా మర్యాదగా మాట్లాడింది. యూనివర్సిటీ పరిశోధన కార్యాలయంలో ఆ కుర్చీకి మర్యాద ఒక్కటే అర్హత అని మార్లిస్‌కి ఎప్పటినుంచో అనుమానం.

"మీ బాధ నాకు పూర్తిగా అర్థమవుతోందండీ," అంది బెథనీ, అప్పటికి మూడోసారి. బల్ల మీది కాగితాన్ని మార్లిస్ వైపు తిప్పింది. సంతకం పెట్టాల్సిన చోట పసుపు చీటీ ఒకటి ముందే అంటించి ఉంది.

కాగితంలో ఉన్నది నాలుగు ముక్కలు. వాషింగ్టన్‌లో ఖర్చుల బిల్లు మీద పెద్దల పేచీ తెగలేదు. ఫెడరల్ సర్కారు మూతపడి ఇరవై నాలుగు రోజులైంది. ఇన్నాళ్ళూ గోధుమ పరిశోధనని యూనివర్సిటీ తన చేతి నుంచి నెట్టుకొచ్చింది, ఇక తన వల్ల కాదంటోంది. ఈ సోమవారం నుంచి ఫెడరల్ నిధుల మీద పనిచేసే టెక్నీషియన్లు ఎవరూ గ్రీన్‌హౌస్‌లో అడుగు పెట్టకూడదు. మిగిలిన సెలవులు వాడుకోవచ్చు. అవి అయిపోతే జీతం లేని సెలవు.

"ఎన్నాళ్ళు?" అంది మార్లిస్.

"సర్కారు తెరుచుకునేదాకా అండీ."

"గోధుమ పువ్వు ఎన్నాళ్ళు తెరుచుకుని ఉంటుందో తెలుసా తల్లీ నీకు?"

బెథనీ తల అడ్డంగా ఊపింది. పాపం, నిజంగానే తెలియదు.

"మూడు రోజులు, మహా అయితే నాలుగు. మా కంచరలకి నిన్ననే పొట్ట పగిలి కంకులు బయటపడ్డాయి. ఈ వారం వాటికి పుప్పొడి పెట్టకపోతే ఆరేళ్ళ పని మట్టిపాలు. ఇది ఈ కాగితంలో ఏ గడిలో రాయాలి?"

బెథనీ నిజంగానే కాగితం మీదికి వంగి పైనుంచి కింది దాకా వెతికింది. "దానికి గడి లేదండీ," అంది.

మార్లిస్ సంతకం పెట్టింది. పెట్టకపోతే సెలవు జీతం కూడా ఆగిపోతుందట. పెన్ను బల్ల మీద పెట్టలేదు, పడేసింది.

కంచరలంటే ఐదు కుండీలు. ఎక్కడో కొండల్లో పెరిగే గడ్డి ఒకదానికీ మా లోయ గోధుమకీ పుట్టిన సంకరం. ఆ గడ్డికి కంకి తెగులు సోకదు. సంకరం చేస్తే గింజలో పిండం పడుతుంది కానీ బతకదు. దాన్ని సూదిమొనతో బయటికి తీసి, గాజు గొట్టంలో పెట్టి, చంటిపిల్లని సాకినట్టు సాకాలి. అలా ఆరేళ్ళలో, వందల్లో ఐదు దక్కాయి. కంచరగాడిదలాగే వాటికి సొంతంగా సంతానం ఉండదు. వాటి పువ్వులో పుప్పొడి పుట్టదు. మామూలు గోధుమ పుప్పొడి తెచ్చి మనిషే చేత్తో పెడితే నాలుగు గింజలు కడతాయేమోనని ఆశ. కట్టకపోతే ఒక్కసారి ఈని ఎండిపోతాయి. కంచరలని వాటికి పేరు పెట్టింది మార్లిసే.

గ్రీన్‌హౌస్ ఉన్న నేల యూనివర్సిటీది. కట్టడం ఫెడరల్ సర్కారుది. లోపలి మట్టి ఎవరిదో లాయర్లకే తెలియాలి. మార్లిస్ తన కార్డు పెడితే తలుపు పక్కన చిన్న దీపం ఎర్రగా వెలిగింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎరుపే. అప్పుడు అద్దం తలుపు అవతల వెర్లిన్ స్టాకీ కనబడ్డాడు, భుజాన నీళ్ళ గొట్టంతో.

వెర్లిన్ సర్కారు నౌకరు, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ గ్రీన్‌హౌస్ కాపరి. సర్కారు మూసినా ప్రాణమున్న వాటిని చావనివ్వకూడదని నియమం కనక, అతను రోజూ పది నుంచి పన్నెండు దాకా రావాలి. జీతం తరవాత ఎప్పుడో. అతను తలుపు రెండంగుళాలు తెరిచి, ఆ సందులో బూటు అడ్డం పెట్టాడు. వెనక పంకాలు హోరుమంటున్నాయి. జేబులోంచి వినికిడి మిషను తీసి చెవిలో పెట్టుకున్నాడు. తేమకి పాడవుతుందని లోపల ఉన్నంతసేపూ దాన్ని జేబులోనే ఉంచుతాడు.

"రానివ్వు," అంది మార్లిస్.

"వీల్లేదు."

"వెర్లిన్, బయట మైనస్ పద్దెనిమిది. తలుపు తియ్యి."

"చలి సంగతి కాదు మార్లిస్. నీ పేరు జాబితాలోంచి కొట్టేశారు. ఎవర్నీ రానివ్వనని నేను సంతకం పెట్టాను."

"కంకులు ఎలా ఉన్నాయి?"

"ఐదూ బయటికొచ్చాయి. బాగున్నాయి." ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం కాస్త విప్పారింది, వెంటనే ముడుచుకుంది.

"బుధవారానికి కొసలు కత్తిరించాలి. శుక్రవారం పుప్పొడి పెట్టాలి. నన్ను గంటసేపు రానివ్వు, చాలు."

"నాకు ఉత్తర్వు చదివి వినిపించారు. నీళ్ళు పొయ్యొచ్చు. వేడి చూసుకోవచ్చు. పురుగు పడితే మందు కొట్టొచ్చు. కొలవకూడదు, నమోదు చేయకూడదు, సంకరం చేయకూడదు. ప్రాణం నిలబెట్టడం వరకే."

"కడుపు పండకుండా ప్రాణం నిలబెట్టి ఏం చేసుకుంటావయ్యా? ఫొటో తీయించుకుంటావా వాటితో?"

"పెద్దాఫీసుకి రాశాను. మార్లిస్‌ని రానివ్వను, పోనీ ఆ పని నేను చెయ్యొచ్చా అని."

"ఏమన్నారు?"

"'నిధులు లేనందున సెలవులో ఉన్నాను, సర్కారు తెరుచుకున్నాక జవాబిస్తాను' అని వచ్చింది. పంపిన నిమిషంలోనే. మిషనే రాసేసింది."

మార్లిస్ పకపకా నవ్వింది. అది నవ్వు కాదని వెర్లిన్‌కి తెలుసు. అనుమతి ఇవ్వాల్సిన వాడికే తాళం పడ్డాక ఇక ఎవడి గుమ్మం తొక్కాలి? అతను బూటు వెనక్కి తీసుకున్నాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

అతని మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే. పొట్లంలో నాలుగు మేకులు ఎక్కువొచ్చాయని ఇనుప సామాను కొట్టుకి పదిహేను మైళ్ళు వెనక్కి వెళ్ళిన మనిషి అతను. అయినా మార్లిస్ తెచ్చుకుంది. కారు దాకా నడుస్తూ అతన్నీ, అతని సంతకాన్నీ, అతని బూటునీ కలిపి తిట్టింది.

మంగళవారం పొద్దున్నే ఆమె డాక్టర్ ఓస్ట్‌బీ ఇంటికి వెళ్ళింది. కంచరల పరిశోధన ఆయన పేరు మీదే నడుస్తోంది. ఆయన కూడా సర్కారు ఉద్యోగే, ఇంట్లో కూర్చోమన్నారు. వాకిట్లో మంచు తోసే మిషను నడుపుతున్నాడు. వాకిలి అప్పటికే అద్దంలా శుభ్రంగా ఉంది, అయినా నడుపుతున్నాడు. ఆమెను చూసి మిషను ఆపాడు.

"మార్లిస్! రా, రా. నిన్న సరస్సు మీద మంచుకి కన్నం వేసి కూచున్నానా, నాలుగు పెద్ద చేపలు పడ్డాయి. ఓ రెండు పట్టుకెళ్ళు."

"చేపల కోసం రాలేదండీ. కంచరలు ఈనాయి. నన్ను రానివ్వడం లేదు."

ఆయన చేతి తొడుగులు రెండూ పైకెత్తాడు, ఎవరో తుపాకి గురిపెట్టినట్టు. "ఆ మాట నేను వినలేదు."

"మళ్ళీ చెప్తాను. కంచరలు ఈనాయి."

"మార్లిస్, నేను సెలవులో ఉన్నాను. పని గురించి ఒక్క మాట మాట్లాడినా పనిచేసినట్టే. పందొమ్మిదో శతాబ్దం నాటి చట్టం ఉంది, సర్కారు మనిషి సర్కారుకి ఉచితంగా పని చేయడం నేరం. జరిమానా. జైలు కూడా రాసి ఉంది అందులో. ఆఫీసు ఫోను సొరుగులో పెట్టి తాళం వేశాను."

"జైలుకి ఎవరైనా వెళ్ళారా ఇప్పటిదాకా?"

"నాకు తెలిసి లేదు."

"మరి మీరే మొదటివారవుతారని భయమా?"

ఆయన మొహం ఎర్రబడింది. చలికి అని సరిపెట్టుకోవడానికి లేదు. "నీ బాధ నాకు తెలీదనుకోకు. ఆ గడ్డి విత్తనం తెచ్చింది నేను," అన్నాడు. గొంతు తగ్గించి, పక్కింటి వైపు ఒకసారి చూసి, "ఇదంతా తాత్కాలికం. వాళ్ళు తెరుస్తారు. ఆగిన జీతం మొత్తం ఇస్తామని చట్టం కూడా చేశారుగా," అన్నాడు.

"మీకు. నాకు కాదు. నేను సర్కారు మనిషిని కాదుగా, సర్కారు పని చేసే మనిషిని."

ఆయన వంగాడు. మిషను తాడు మళ్ళీ లాగాడు. అది మొదటి లాగుకే అందుకుంది.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నది మనం ఇంట్లో చెప్పుకునే సామెత. ఒక దేశమే చట్టం రాసుకుని మరీ ఆ సామెతని అమలు చేస్తుందని ఎవరనుకున్నారు! కూలి ఇవ్వం, ఊరికే చేస్తానన్నా ఒప్పుకోం. చేపలు పట్టుకో, వాకిలి ఊడ్చుకో, ఆరేళ్ళు పాటుపడి దక్కించుకున్న మొక్క అద్దం వెనక గొడ్డుపోతుంటే చూస్తూ ఊరుకో. చూడటం మీద మాత్రం నిషేధం లేదు.

నిజంగానే లేదని మార్లిస్‌కి బుధవారం పొద్దున తట్టింది. గ్రీన్‌హౌస్ దక్షిణం గోడ పొడుగునా నడిచే బాట యూనివర్సిటీది. అక్కడ నిలబడటానికి ఎవరి కార్డూ అక్కర్లేదు. కంచరలున్న బల్ల సరిగ్గా ఆ గోడ పక్కనే, అద్దానికి ఆనుకుని ఉంటుంది.

పది గంటలకి వచ్చింది. మోకాలి లోతు మంచు తొక్కుకుంటూ గోడ దాకా వెళ్ళి నిలబడింది. లోపలి తేమకి అద్దం మసకబారి ఉంది. ఐదు కుండీలూ ఐదు ఆకుపచ్చ మరకల్లా కనిపిస్తున్నాయి. వెర్లిన్ నీలం చొక్కా దూరంగా ఇటూ అటూ కదులుతోంది. ఆమె అద్దం మీద తట్టలేదు. కోటు జేబులోంచి తన కత్తెర తీసి చేత్తో పట్టుకుని ఊరికే నిలబడింది.

పావుగంట తరవాత క్యాంపస్ పోలీసు ఒకడు కారు ఆపి వచ్చాడు. "ఏం చేస్తున్నావమ్మా ఇక్కడ?"

"ఏమీ చేయడం లేదు. ఏమీ చేయొద్దని కాగితం మీద రాసిచ్చారు. అదే చేస్తున్నాను."

అతను ఆమెనీ కత్తెరనీ మార్చి మార్చి చూశాడు. "ముక్కు తెల్లబడుతోంది, కప్పుకో," అని కారెక్కి వెళ్ళిపోయాడు.

వెర్లిన్ బల్ల తరవాత బల్ల నీళ్ళు పోసుకుంటూ వచ్చాడు. దక్షిణం బల్ల చేరేటప్పటికి పదకొండయింది. ఆమె అక్కడుందని అతనికి ముందే తెలుసు, ఆ సంగతి అతని వీపే చెబుతోంది. కంచరలకి నీళ్ళు పోశాడు. గొట్టం కట్టేశాడు. వెళ్ళిపోయాడు. మార్లిస్ పళ్ళు కొరుక్కుంది. కాసేపటికి పక్క తలుపు కొంచెం తెరుచుకుని ఒక ఫ్లాస్కు బయటి గట్టు మీదికి వచ్చింది. దాని వెనకాలే అతని తల.

"కాఫీ. ఇది పని కాదు," అన్నాడు.

"నాకు కాఫీ వద్దు."

"తాగు. నువ్విక్కడ చస్తే ఆ కాగితాలు కూడా నేనే నింపాలి."

ఆమె మూత విప్పింది. వేళ్ళు వంగడం లేదు. అతను తలుపు ముయ్యలేదు. చెవి మిషను లేకుండానే వచ్చాడు, అందుకే మాట పెద్దగా వస్తోంది.

"తొంభై మూడులో మీ ఇంట్లో ఏం చేశారు, తెగులొచ్చినప్పుడు?" అన్నాడు.

ఆమె కప్పు కిందికి దించింది. ఆ ఏడాది మా వైపు కంకులన్నీ గులాబీ రంగు తిరిగాయి. "కోయలేదు. దున్నేశారు," అంది, అతనికి వినబడేలా గట్టిగా.

"మా నాన్న కోశాడు. ట్రక్కు నింపుకుని గోదాముకి తీసుకెళ్తే, గుప్పెడు చేతిలోకి తీసుకుని చూసి, విషపు గింజని వెనక్కి తిప్పుకోమన్నారు. ఇంటికొచ్చి ట్రక్కు దిగకుండా అందులోనే కూచున్నాడు, సాయంత్రం దాకా." వెర్లిన్ గడ్డం గోక్కున్నాడు. "నాకు చేతకాదు మార్లిస్, ఈ కత్తెర పని. నీళ్ళు తప్ప ఏమీ చేతకాదు నాకు. చూపిస్తావా?"

ఆమె కప్పు గట్టు మీద పెట్టింది. తల ఊపింది.

అతను లోపలికి వెళ్ళి దక్షిణం బల్ల దగ్గర అద్దాన్ని మోచేత్తో తుడిచాడు. పళ్ళెమంత మేర తేటపడింది. ఆ మేరలో ఇటు ఆమె, అటు అతను. అతని చేతిలో ఆమె కత్తెరకి జోడీ కత్తెర, సొరుగులోది.

మార్లిస్ చేతి తొడుగులు పీకి మంచులో పడేసింది. ఎడమ చూపుడువేలు నిలబెట్టింది: ఇది కంకి. కుడిచేతి రెండు వేళ్ళు కత్తెర చేసి, చూపుడువేలి కణుపు మీద మూడో వంతు దగ్గర ఆపింది: ఇంతవరకే. అడుగున చిన్న పూలు, కొసన చిన్న పూలు తీసెయ్యి. మధ్యవి ఉంచు, వాటి పొట్టు కొస మాత్రం కత్తిరించు. లోపల ఈకలాంటిది ఉంటుంది, అదే ఆడది, దాన్ని తాకితే నీ చేతులు విరిచేస్తాను. ఆ చివరి మాటకి సైగ అక్కర్లేకపోయింది, మొహమే చాలింది.

మొదటి కోత బాగా లోతుకి పోయింది. మార్లిస్ నుదురు కొట్టుకుంది. అతను ఆమె వైపు చూశాడు, తప్పు చేసిన పెద్ద కుక్క చూసినట్టు. ఆ పువ్వు పోయింది, దాన్ని వదిలెయ్యమని చెయ్యి విసిరింది. రెండోది పైపైన తెగింది. మూడోది సరిగ్గా తెగింది. నీళ్ళ గొట్టాలు బిగించి బిగించి మొద్దుబారిన వేళ్ళవి, మేకుల్లాంటి వేళ్ళు. కంకి ఆ వేళ్ళ మధ్య వణకకుండా నిలబడటం చూసి మార్లిస్ ఊపిరి తీసుకుంది, అద్దం ఇటువైపు కూడా మసకబారింది. తుడుచుకుంది. ఐదు కంకులూ అయ్యేసరికి పన్నెండుకి ఆరు నిమిషాలు. ఒక్కోదానికీ మైనం కాగితం తొడుగు వేసి, పిన్ను పెట్టి, అతను గడియారం చూసుకుని దీపాలు సర్ది బయటపడ్డాడు. ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఉండలేదు.

రాత్రికి ఆమె రెండు వేళ్ళ కొసలు బొబ్బలెక్కాయి.

గురువారం ఇద్దరూ ఏమీ చేయలేదు. చేయాల్సింది లేదు. పువ్వు విచ్చుకోవాలి. మార్లిస్ అయినా వచ్చి నిలబడింది, తుడిచిన పళ్ళెంలోంచి ఐదు తొడుగులూ లెక్కపెట్టుకుని వెళ్ళింది.

శుక్రవారం ఎండ కాసింది. ఎండ కాస్తే మా వైపు చలి ఇంకా పెరుగుతుంది. పది దాటగానే వెర్లిన్ పుప్పొడి కోసం నాటిన గోధుమ కుండీల్లోంచి ఒక కంకి కోసి అద్దం దగ్గర పట్టుకున్నాడు. ఇదా? మార్లిస్ తల అడ్డంగా ఊపింది: ముదిరింది. ఇంకోటి. అదీ కాదు, పచ్చిది. నాలుగోదానికి ఔనంది. పొట్టు కొసలు కత్తిరించి దీపం కింద పట్టుకోమంది. నిమిషం. రెండు నిమిషాలు. అతను చెయ్యి మార్చుకుందామనుకుంటే వద్దని వేలు ఆడించింది. అప్పుడు ఒక్కసారిగా పొట్టుల్లోంచి పుప్పొడి నిండిన పసుపు తిత్తులు పైకి పాకుతూ బయటికొచ్చి వేలాడాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళు గోధుమ మధ్య బతికిన మనిషి దాన్ని మొదటిసారి చూసి నోరు తెరిచాడు.

ఇప్పుడు, అంది ఆమె చేతులతో. కంచర తొడుగు పైకొస కత్తిరించు. మగ కంకిని తలకిందులుగా లోపలికి దించు. కాడని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పు. ఆమె రెండు అరచేతులూ కలిపి మజ్జిగ చిలికినట్టు చూపించింది, మళ్ళీ కాదు కాదని రెండు వేళ్ళకి తగ్గించింది. అతను తిప్పాడు. తొడుగు లోపల పసుపు పొగ లేచింది, ఎండలో స్పష్టంగా కనిపించింది. తొడుగు మడిచి పిన్ను పెట్టాడు. ఒకటి. ఆమె తన చిన్న పుస్తకంలో వేళ రాసుకుంది.

ఐదోది అయ్యాక అతను వెళ్ళిపోతాడనుకుంది. వెళ్ళలేదు. సొరుగులోంచి చీటీలు తీశాడు.

సంకరం చేసిన ప్రతి కంకికీ ఒక అట్ట చీటీ కడతారు. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తేదీ, చేసిన వాళ్ళ పేరులో మొదటి అక్షరాలు. పెన్నుతో రాస్తే ఎండకి వెలిసిపోతుంది కనక పెన్సిల్‌తో రాస్తారు. ఆ చీటీ అక్షరాలు విత్తనాల పుస్తకంలోకి ఎక్కి, ఆ విత్తనం ఉన్నన్నాళ్ళూ దాంతోనే ఉంటాయి. ఇరవై రెండేళ్ళ పుస్తకాల నిండా మార్లిస్ అక్షరాలే.

వద్దు, అంది మార్లిస్. రెండు చేతులూ అడ్డంగా ఊపింది. రాయకు. నేను రాసుకున్నాను, తరవాత చూద్దాం. అద్దం మీద అరచేత్తో బాదింది. వెర్లిన్ తల వంచుకుని నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని రాస్తూనే ఉన్నాడు. మొదటి చీటీ తెచ్చి అద్దానికి ఆనించాడు. వి.ఎస్. అని ఉంది. జనవరి పద్దెనిమిది, పది నలభై. బడిపిల్లాడి రాతలా గుండ్రంగా, ఎక్కడా దాపరికం లేకుండా.

ఆమె పక్క తలుపు దగ్గరికి పరిగెత్తింది. అతను తలుపు తీశాడు. "పిచ్చెక్కిందా నీకు? నువ్వే చేశావని నీ చేత్తో రాసి కడతావా? చట్టం!"

అతను చెవి మిషను పెట్టుకుని తీరిగ్గా విన్నాడు. "చేశానుగా," అన్నాడు.

"చేశావు. చెప్పక్కర్లేదు!"

"తలుపు దగ్గర పనుల చిట్టా ఉంది కదా, రోజూ ఏం చేశానో రాయాలి. బుధవారం కూడా రాశాను. 'కంకులు కత్తిరించాను, నలభై నిమిషాలు, మార్లిస్ వెట్టర్ బయటినుంచి చూపించింది' అని." చిట్టా వైపు చూసి, "నీ పేరు కొట్టెయ్యమంటే కొట్టేస్తాను. నాది ఉండనీ," అన్నాడు.

మార్లిస్‌కి అతని చెంప పగలగొట్టాలనిపించింది, అతన్ని పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చేయలేదు. "నాది కూడా ఉండనీ," అంది.

*

సర్కారు ఆ తరవాతి వారం చివర్లో తెరుచుకుంది. ముప్ఫై ఐదు రోజులు మూసి ఏం సాధించారని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. సోమవారం మార్లిస్ కార్డుకి ఆకుపచ్చ వెలిగింది.

డాక్టర్ ఓస్ట్‌బీ ఆమె కంటే ముందే కంచరల దగ్గర ఉన్నాడు. తొడుగులు ఒక్కొక్కటే విప్పి పొట్టు వేలితో వత్తి చూస్తున్నాడు. "మార్లిస్! ఏడు గింజలు! ఏడు! ఎలా చేశావు ఇది?" ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు నిజమైనవే, అందుకే ఆమెకి ఇంకా మండింది.

"నేను చేయలేదు. చీటీ చూడండి."

ఆయన చీటీ తిప్పి చూశాడు. చేతులు అక్కడే ఆగిపోయాయి. వెర్లిన్ పక్క బల్లకి నీళ్ళు పోస్తున్నాడు. ఓస్ట్‌బీ అతన్ని పిలిచి, తలుపు మూసి వచ్చి, గొంతు తగ్గించాడు.

"వినండి. ఎవరికీ నష్టం లేదు. చీటీలు కొత్తవి రాద్దాం. మార్లిస్ అక్షరాలు, తేదీ జనవరి పదకొండు, ఆపమన్న కాగితం రాకముందు. చిట్టాలో ఆ రెండు పేజీలూ వెర్లిన్ మళ్ళీ రాస్తాడు. నీళ్ళు, అంతే. ఇది మీ ఇద్దరి కోసమే చెబుతున్నాను."

"పదకొండున కంకులు పొట్టలోనే ఉన్నాయి," అన్నాడు వెర్లిన్.

"అది ఎవరికి తెలుసు?"

"గోధుమకి తెలుసు," అన్నాడు వెర్లిన్. వ్యంగ్యం కాదు, అతనికి వ్యంగ్యం రాదు.

ఓస్ట్‌బీ కొత్త చీటీ, పెన్సిల్ మార్లిస్ చేతిలో పెట్టాడు. ఆమె అక్షరాలు, ఆమె పుస్తకం. ఆరేళ్ళుగా సూదిమొన మీద పిండాలని ఎత్తింది ఆమె. ఆ ఏడు గింజల మీద తన పేరు ఉండాలని ఆమెకి లేదంటే అబద్ధం. చాలా ఉంది. పెన్సిల్ మొన చీటీ మీద ఆనించి, మళ్ళీ తీసేసింది.

"ఆ మంగళవారం మీ వాకిట్లో నేను అడిగింది ఒక్క మాట," అంది. "'చెయ్యి మార్లిస్, నేను చూసుకుంటాను' అని. ఆ మాట మీ నోట్లోంచి రాలేదు. ఇవాళ మాత్రం అబద్ధం ఎంత సులువుగా వచ్చిందండీ!"

కంచర కాడకి వెర్లిన్ కట్టిన చీటీనే తిప్పి, వెనకవైపు రాసింది: చూపించింది ఎం.వి., అద్దం బయటినుంచి. రాసి పెన్సిల్ ఆయనకి చాచింది. "పరిశోధన మీది. కింద మీ సంతకం ఉండాలి."

ఆయన పెన్సిల్ తీసుకున్నాడు. చీటీ మీదికి వంగాడు కూడా. తరవాత పెన్సిల్ బల్ల మీద మెల్లిగా, చప్పుడు కాకుండా పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి మూడో వారంలో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి ఫెడరల్ శాఖ నుంచి అందరికీ. క్లిష్ట సమయంలో ఓర్పు చూపిన సిబ్బందికి కృతజ్ఞతలు, మీ త్యాగం మరువలేనిది, కింద అచ్చు సంతకం. ఎవరో దాన్ని తలుపు దగ్గరి బోర్డుకి గుచ్చారు. రెండోది వెర్లిన్‌కి ఒక్కడికే. అనుమతి లేని పని చేసినందుకు మూడు రోజులు సస్పెన్షన్, జీతం ఉండదు, ఈ మూడు రోజులూ ఆవరణలో అడుగు పెట్టరాదు. ముప్ఫై ఐదు రోజులు చేపలు పట్టినవాడికి జీతమూ కృతజ్ఞతలూ. ఎనభై నిమిషాలు పని చేసినవాడికి శిక్ష. బుర్ర ఉన్నవాడెవడైనా ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదవగలడా?

వెర్లిన్ చదువుకున్నాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీళ్ళు ఎవరు పోస్తారు?" అన్నాడు. అదొక్కటే అడిగాడు.

మంగళవారం పదింటికి మార్లిస్ గొట్టం భుజాన వేసుకుంది. పెద్ద బల్లలు అయ్యాయి. దక్షిణం బల్ల దగ్గరికి వచ్చేసరికి మసక అద్దం అవతల పెద్ద నీడ ఒకటి కనబడింది. బాట మీద, యూనివర్సిటీ నేల మీద, మంచులో.

చొక్కా చేత్తో తుడుద్దామనుకుంది, చేతులు మట్టిగా ఉన్నాయి. చుట్టూ చూసింది. తలుపు దాకా వెళ్ళి బోర్డు మీది కృతజ్ఞతల కాగితం పీకి, ఉండ చేసి, దాంతో అద్దం గట్టిగా రుద్దింది. మందం కాగితం, నీళ్ళు సరిగ్గా పీల్చదు. సిరా కరిగి నీలం చారలు పడ్డాయి. పెద్ద సంతకం ముందు చెరిగింది. ఆమె రుద్దుతూనే ఉంది, పళ్ళెం కంటే పెద్ద మేర, ఇద్దరు మనుషులు పట్టేంత మేర తేటపడేదాకా.

అవతల వెర్లిన్ చేతి తొడుగులు తీసేసి నిలబడి ఉన్నాడు. మూడో కుండీ వైపు వేలు చూపించాడు. అరచెయ్యి బోర్లించి కిందికి రెండుసార్లు దించాడు: దీనికి తక్కువ, వేరు మెతక. ఆమె తల ఊపి గొట్టం సన్నం చేసింది.